మారథాను వీరుడు అబెబె బికిలా

ఓర్పునకు పరీక్షలు పెక్కు కలవు. వానిలో మారథాను పరుగుపందెము మిక్కిలి కఠినమైనది. దాని నిడివి 42 కిలోమీటర్ల 195 మీటర్లు. కొంతదూరము వేగముగా పరుగెత్తగలవారు ప్రతి యూరనుందురు. కాని ముప్పది కిలోమీటర్లు దాటిన పిదప దేహమున నిలువయున్న శక్తి తరుగజొచ్చును; కాళ్లు బరువెక్కును; ఇక చాలునని మనస్సు పోరుపెట్టును. అట్టి సమయమున పరుగువానికి తోడు నిలుచునది నెలల తరబడి చేసిన సాధన యొక్కటియే. ఆ సాధనచే లోకప్రసిద్ధి గాంచి, పిమ్మట నడచుటకైనను నోచుకొనక, అప్పటికిని దానిని విడువని ధీరుడు అబెబె బికిలా.

ఆఫ్రికా ఖండపు తూర్పుభాగమున ఇథియోపియా అను కొండల దేశము కలదు. అబెబె 1932 ఆగస్టు 7వ తేదీన అచ్చటి షోవా సీమలోని జాతో అను పల్లెలో జన్మించెను. సరిగా ఆ దినముననే అమెరికాలోని లాస్ ఏంజెలీస్ నగరమున ఒలింపిక్ మారథాను పందెము జరిగెను. ఆనాడు పుట్టిన పసివాడు ముందుముందు ఆ పందెమునకే వన్నె తెచ్చునని యెవరూహింతురు?

అతనికి మూడేండ్లు నిండిన కొలదికాలమునకే, 1935లో, ఇటలీ సైన్యములు ఇథియోపియాపై దండెత్తెను. మరుసటి యేట రాజధానియగు ఆడిస్ అబాబా శత్రువుల వశమయ్యెను. యుద్ధకాలమున అబెబె కుటుంబము ఊరు విడిచి వేరొకచోట తలదాచుకొనవలసి వచ్చెను. 1941లో దేశము మరల స్వతంత్రమయ్యెను. బాలుడగు అబెబె పశువులను మేపుచు కొండలలో పెరిగెను. గెన్నా అను ఆటయం దతనికి మక్కువ. వంకరకఱ్ఱలతో బంతిని కొట్టుచు ఆడు ఆ యాటలో ఇరుపక్షముల గమ్యములు ఒక్కొక్కప్పుడు కిలోమీటర్ల దూరమున నుండును. ఆ విధముగా పరుగు అతనికి చిన్నతనముననే అలవడెను.

యౌవనమున అతడు చక్రవర్తియగు హైలే సెలాసీ అంగరక్షక దళమున సైనికుడుగా చేరెను. సులుల్తా కొండలకును రాజధానికిని నడుమ పరుగెత్తుట ఆ దినములలో అతని నిత్యకృత్యము. అయినను కీర్తి వెంటనే రాలేదు. 1956లో జరిగిన సైనికుల పోటీలలో వామి బిరాతు అను యోధుడు ప్రథముడు కాగా, అబెబె రెండవవాడయ్యెను.

స్వీడన్ దేశమునుండి వచ్చిన ఒన్ని నిస్కనెన్ అను శిక్షకుడు అబెబెలోని శక్తిని గుర్తించెను. కొండదారులలో పరుగెత్తుట మాత్రమే చాలదని అతని తలంపు. అందుచే సాధనను రెండు విధములుగా ఏర్పరచెను. కొన్ని దినములు దూరపు పరుగులు. కొన్ని దినములు కొద్దిదూరమును మిక్కిలి వేగముగా పరుగెత్తి, కొంచెము తెరపి తీసికొని, మరల పరుగెత్తుట. మొదటిదానివలన ఓర్పు, రెండవదానివలన వేగము పెరుగును. ఆడిస్ అబాబా సముద్రమట్టమునకు సుమారు 2,400 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట గాలి పలుచన. అట్టిచోట నివసించువారి నెత్తురున ఎఱ్ఱకణములు హెచ్చుగా నుండుటచే దేహము ప్రాణవాయువును చక్కగా గ్రహింపగలదు. పుట్టిన నేల ఇచ్చిన ఈ మేలునకు గురువు నేర్పిన క్రమశిక్షణ తోడయ్యెను.

1960లో ఆడిస్ అబాబాలో జరిగిన పందెములందు అబెబె గెలిచెను. వానిలో నొకదానిని అప్పటి ఒలింపిక్ రికార్డుకంటెను తక్కువ కాలమున ముగించెను. ఆ వార్త యెక్కువగా బయటి లోకమునకు తెలియలేదు. కావున ఆ సంవత్సరము ఒలింపిక్ క్రీడలకై రోము నగరమున దిగిన ఈ సన్నని సైనికుని ఎవరును లెక్కింపలేదు.

అచ్చట అతనికి దొరికిన పాదరక్షలు కాళ్లకు సరిగా నమరలేదు. అతడు స్వదేశమున వట్టికాళ్లతోను సాధన చేసియుండెను. అందుచే పాదరక్షలు లేకయే పరుగెత్తుటకు నిశ్చయించుకొనెను. పందెపుదారిని గురుశిష్యులు ముందుగానే పరిశీలించియుండిరి. ఆ దారి చివర, గమ్యమునకు సమీపమున, ఒక పెద్ద రాతిస్తంభము నిలిచియుండెను. అది ఇథియోపియాలోని ఆక్సుము నగరమునకు చెందినది. 1937లో ఇటలీవారు దానిని రోమునకు తరలించుకొని పోయిరి. దానికి 2005లో గాని స్వదేశము చేరు యోగము పట్టలేదు.

1960 సెప్టెంబరు 10వ తేదీ సాయంకాలమున పందెము మొదలయ్యెను. చీకటి పడగా సైనికులు దివిటీలు పట్టి దారి చూపిరి. మొరాకో దేశస్థుడగు రాదీ బెన్ అబ్దెస్సలాము, అబెబె భుజము భుజము కలిపి, తక్కినవారిని వెనుక విడిచి సాగిరి. చివరి అరకిలోమీటరున అబెబె వేగము పెంచెను. ప్రత్యర్థి వెనుకబడెను. కాన్‌స్టంటైను తోరణమువద్ద అబెబె 2 గంటల 15 నిమిషముల 16.2 సెకనులలో పందెమును ముగించెను. అంతకుముందు లోకమున నెవ్వరును ఆ దూరమును అంత త్వరగా పరుగెత్తి యెరుగరు. ఇరువదినాలుగేండ్లకు పూర్వము తన దేశమును జయించిన రాజ్యపు ముఖ్యనగరముననే, ఒక సైనికుడు ఆయుధము పట్టకయే గెలుపొందెను. వట్టికాళ్ల పరుగును చూచినవారు అది అద్భుతమనిరి. కాని సులుల్తా కొండల నెరిగినవారికి అది సాధనాఫలమే.

గెలుపు వెంట కష్టములును వచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే అంగరక్షక దళనాయకులు చక్రవర్తిపై తిరుగుబాటు చేసిరి. అబెబె దానిలో పాల్గొనకున్నను కొలదికాలము నిర్బంధమున నుండవలసి వచ్చెను. 1963లో అమెరికాలోని బోస్టన్ పందెమున చాలదూరము ముందు సాగియు, చలిగాలికిని మెట్టలకును అలసి, ఐదవవాడుగా నిలిచెను. 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలు సమీపించిన వేళ మరియొక ఆపద. పోటీకి ఆరు వారములైనను లేని సమయమున అతనికి ఉండుక వాపు రాగా శస్త్రచికిత్స చేసిరి. ఇతడు పరుగెత్తుట కల్ల యని పలువురు తలంచిరి.

కాని అక్టోబరు 21వ తేదీన అబెబె బరిలో నిలిచెను. ఈ పర్యాయము కాళ్లకు పాదరక్షలు కలవు. సగము దారి దాటిన పిదప అతనిని అందుకొనగలవారే లేకపోయిరి. 2 గంటల 12 నిమిషముల 11.2 సెకనులలో గమ్యము చేరి తన రికార్డును తానే మించెను. రెండవవాడు నాలుగు నిమిషముల తరువాత గాని రాలేదు. అంతవరకు అబెబె పచ్చికపై తీరికగా వ్యాయామము చేయుచుండగా జనులు నివ్వెరపడి చూచిరి. ఒలింపిక్ మారథానును రెండుమారులు గెలిచిన మొదటివాడు అతడే.

1968లో మెక్సికో నగరమున మూడవ విజయమునకై ప్రయత్నించెను. కాని కాలి ఎముకకు తగిలిన దెబ్బ బాధింపగా సుమారు 17 కిలోమీటర్లవద్ద నిలిచిపోయెను. అతని దేశస్థుడే యగు మామో వోల్డే ఆనాడు గెలిచెను.

మరుసటి యేడు మార్చి 22వ తేదీ రాత్రి అబెబె నడుపుచున్న కారు బోల్తాపడెను. మరునాటి ఉదయమున అతనిని వెలికితీసిరి. మెడయొద్ద వెన్నునకు తగిలిన గాయముచే కాలుసేతులు చచ్చుబడెను. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రికి తరలించి నెలలకొలది చికిత్స చేసిరి. అచ్చట లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు వెన్ను దెబ్బతిన్నవారికి ఆటలనే చికిత్సగా నేర్పుచుండెను. నేటి పారాలింపిక్ క్రీడలకు మూలమదియే. అబెబె చేతులకు క్రమముగా చలనము వచ్చెను. కాళ్లకు రాలేదు.

లోకమున మిక్కిలి పేరొందిన కాళ్లు కదలకపోయినప్పుడు మరియొకడైనచో కుమిలిపోవును. అబెబె మరల మొదటినుండి విద్యార్థి యయ్యెను. చక్రముల కుర్చీలో కూర్చుండి విల్లెక్కుపెట్టుట నేర్చి, 1970లో స్టోక్ మాండవిల్ క్రీడలలో విలువిద్యయందును, టేబుల్ టెన్నిసునందును పోటీపడెను. 1971లో నార్వే దేశమునకు అతిథిగా పోయి, కుక్కలు లాగు మంచుబండ్ల పందెమున విజయము సాధించెను. 1972లో మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలకు చక్రముల కుర్చీలో రాగా ప్రేక్షకులు లేచి నిలిచి గౌరవించిరి.

1973 అక్టోబరు 25వ తేదీన మెదడులో రక్తస్రావమగుటచే అబెబె నలుబదియొకటవ యేట కన్నుమూసెను. అతని యంత్యక్రియలకు ఆడిస్ అబాబాలో వేలకొలది జనులు కూడిరి.

అబెబె చూపిన దారిని ఆఫ్రికా ఖండపు పరుగువీరు లెందరో నేటికిని నడచుచున్నారు. అతని పేరు తలంచినంతనే లోకులు రోము వీథులలోని వట్టికాళ్లనే జ్ఞప్తికి తెచ్చుకొందురు. అది న్యాయమే. అయినను, కదలని కాళ్లతో కుర్చీలో కూర్చుండి, పట్టు తప్పుచున్న వ్రేళ్లతో మొదటిమారు వింటినారి లాగిన అబెబె అంతకంటెను గొప్పవాడు. రోములో అతనికి కాళ్ల బలము కలదు. ఇచ్చట తోడు నిలిచినది సాధన యొక్కటియే.