విశాఖ తీరమున పాట్రిక్ రస్సెల్

పాట్రిక్ రస్సెల్ 1726లో ఎడింబరో నగరమున జన్మించిరి. వైద్యవిద్య నభ్యసించి సిరియా దేశపు అలెప్పోలో చిరకాలము వైద్యము చేసిరి. ఏబది యైదేండ్లు దాటిన వయస్సున, విశాఖపట్టణమున ఈస్టిండియా కంపెనీ అధికారియగు సోదరుడు క్లాడ్ వెంట ఆంధ్రతీరమునకు వచ్చిరి. 1785లో కోనిగ్ పండితుడు మరణింపగా కంపెనీవారు ఆయన నిర్వహించిన ప్రకృతి శాస్త్రజ్ఞుని పదవిని వీరికొసగిరి.

పాముకాటునకు గురియైనవానికి కరచినది విషసర్పమా కాదా యనునదియే ప్రాణప్రశ్న. దీనిని తేల్చుటకై రస్సెల్ తీరప్రాంతపు పాములను సేకరించిరి. ఉష్ణదేశమున కళేబరము శీఘ్రముగా చెడును. చర్మపు వన్నె మాయును. కావున తాజాగా నున్నపుడే కోరలను పరీక్షించి, పొట్టక్రింది పలకలను, తోకక్రింది పొలుసులను లెక్కించి వ్రాసికొని, దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించిరి. కోళ్ల మీదను, కుక్కల మీదను విషప్రభావమును పరిశీలించిరి.

స్థానికుల మాటను వారు త్రోసిపుచ్చలేదు. 1796లో లండనులో వెలువడిన వారి సర్పగ్రంథమున కాటుకరేకులపొడ, బంగారుపాము అను తెలుగు పేర్లు చోటు చేసికొన్నవి. రెండవదాని నుండియే కట్లపాముల జాతికి బుంగారస్ అను శాస్త్రనామము కలిగినది. మొదటిది మన రక్తపింజర. ప్రపంచమున నేడది రస్సెల్ పేరనే ప్రసిద్ధము.

1803లో విశాఖ తీరపు 200 చేపలను వర్ణించు గ్రంథమును ప్రకటించి, 1805లో లండనులో దివంగతులైరి. ఆంధ్రతీర పల్లెజనుల నోటిమాట ప్రపంచ శాస్త్రగ్రంథముల కెక్కుట వారి చలవయే.