మాయాబజారు కట్టిన బొమ్మల మేస్త్రీ

మన సీమ పిల్లోల్లను మాయాబజార్ గురించి అడిగి సూడండి. కృష్ణుడు ఎన్టీఆర్ అంటారు. ఘటోత్కచుడు ఎస్వీఆర్ అంటారు. డైరెక్టరు మా తాడిపత్రి కె.వి.రెడ్డి అని ఛాతీ ఇరుచుకుని చెప్తారు. చెప్పాల్సిందే, మన మట్టిలో పుట్టినోడు గదా. కానీ ఆ ద్వారక ఊరు కట్టిందెవరప్పా అంటే మాత్రం నోరు తెరిచేటోడు ఉండడు.

కట్టినోల్లలో ఒకాయన పేరు మాధవపెద్ది గోఖలే. ఇంకొకాయన కళాధర్. ఇద్దరూ ఆ సినిమాకు కళా దర్శకులు. ఈరోజు నేను గోఖలే గురించి చెప్పాలనుకుంటాండా.

ఆయన 1917లో గుంటూరు జిల్లా బ్రాహ్మణకోడూరులో పుట్టినాడు. వివాహ భోజనంబు పాటకు గొంతు ఇచ్చిన మాధవపెద్ది సత్యంది గూడా ఆ ఊరే. గోఖలే బొమ్మలు నేర్చుకునేకి మద్రాసు ఆర్ట్ స్కూలుకు పోయినాడు. ఆడ గురువు దేవీప్రసాద్ రాయ్ చౌదరి. మద్రాసు మెరీనా బీచిలో నలుగురు కూలోల్లు పెద్ద బండను కదిలిస్తాండే విగ్రహం ఉంటాది సూడండి, దాన్ని చేసింది ఆ గురువే. రాజులకు, దొరలకు విగ్రహాలు పెట్టే చోట కష్టజీవికి విగ్రహం చేసిన మనిషి. శిష్యుడు గూడా ఎర్రజెండా పక్కనే నిలబడినాడు. బొమ్మలు గీస్తా, కథలు గూడా రాసినాడు.

తర్వాత సినిమాల్లోకి పోయినాడు. 1951లో వచ్చిన పాతాళభైరవికి కళాధర్‌తో కలిసి పనిచేసినాడు. దానికి గూడా కె.వి.రెడ్డే డైరెక్టరు. ఆ పైన మిస్సమ్మ, మాయాబజార్, జగదేకవీరుని కథ, గుండమ్మ కథ. ఇవన్నీ విజయా వాళ్ల సినిమాలే.

కళా దర్శకుని పని ఏందో రొంత చెప్తా. కథ వింటాడు. ఆ మనుషులు ఎట్లాంటి ఇంట్లో ఉంటారు, గోడ ఏ రంగు, కిటికీ యాడ, మంచం ఎట్లాంటిది అని ముందు కాగితం మీద గీస్తాడు. దాన్ని సూసి వడ్రంగోల్లు, పెయింటర్లు, పిండిబొమ్మలు పోసేటోల్లు సెట్టు నిలబెడ్తారు. లైటు, కెమెరా యాడ పెట్టాలో అదీ ముందే ఆలోచించాల. పాతాళభైరవి లాంటి మాయ సినిమాలో సెట్టు సూసి జనం నోరెళ్లబెట్టాల. గుండమ్మ కథ లాంటి ఇంటి సినిమాలో అది సెట్టని ఎవురికీ తెలియకూడదు. నన్నడిగితే రెండోదే శానా కష్టం. అది బాగా చేసినోడిని ఎవురూ మెచ్చుకోరు, ఎందుకంటే చేసినట్లే కనపడదు.

1957 మార్చి 27న మాయాబజార్ వచ్చింది. అందులో పైనుంచి ద్వారక అంతా కనపడే దృశ్యం ఉంటాది. దానికోసం సుమారు 50 అడుగులు, 60 అడుగుల జాగాలో 300 దాకా బుల్లి ఇండ్లు చేసి, వాటిలో దీపాలు పెట్టినారు. కెమెరామన్ మార్కస్ బార్ట్లే దాన్ని నిజం ఊరు మాదిరి పట్టినాడు. కంప్యూటర్ ల్యాదు. ఉండేది కొయ్య, బల్బు, కాగితం, చేతులు. ఇప్పుడు కార్టూను సినిమాకైనా, టీవీ సీరియల్‌కైనా పని మొదలయ్యేది అట్లనే. ముందు ఎవరో ఒకరు కూర్చుని బొమ్మ గీయాల. 2010లో ఆ సినిమాకు కంప్యూటర్‌తో రంగులేసి మళ్లీ వదిలినారు. అప్పుడు జనం మళ్లీ థియేటర్లకు పోయినారు. గోఖలే మాత్రం 1981లోనే పోయినాడు.

ఈ సంగతి మన అనంతపురం పిల్లోల్లకు ఎందుకు చెప్తాండానంటే, బొమ్మ కదిలించే విద్య మనకు కొత్తేం కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉండాది. ఆడ తోలును పల్చగా గీకి, రంధ్రాలు పొడిచి, రంగులేసి, తెర ఎనక దీపం పెట్టి రాముణ్ణి, రావణున్ని నడిపించినారు. యానిమేషన్ అనే మాట మన ఊర్లకు రాకముందే ఆ పని చేసినోల్లు. ఆట సూసేటోల్లు తగ్గినాక అదే తోలుతో ల్యాంపు షేడ్లు చేసి అమ్ముకుంటాండారు. చెయ్యి చచ్చిపోల్యా, ఆటే పోయింది.

వానల్యాక చేను ఎండితే మన పిల్లోల్లు బెంగళూరుకు పోతారు. కూలికో, సెక్యూరిటీ పనికో. వాళ్లలో బొమ్మలు బాగా గీసేటోల్లు నాకు శానామంది తెలుసు. ఇంట్లో బొమ్మలు కూడు పెడ్తాయా అంటారు. ఆ అమ్మానాయనల తప్పు ల్యాదు, బొమ్మలతో బతికినోడి పేరు వాళ్లకు ఎవురూ చెప్పల్యా. గోఖలే బతికినాడు. కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉండాది. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో యానిమేషన్ చదువు ఉండాది. కరువు పల్లె పిల్లోడు ఆడికి పోవాలంటే ఫీజూ హాస్టలూ సర్కారు సూసుకోవాల. మనం అడగాల్సింది అదే, గట్టిగా అడగాల.

అంతవరకు ఒక పని చేయండి. సినిమా మొదట్లో వచ్చే పేర్లను తోసేయకుండా సదవండి. హీరో పేరు తర్వాత నిదానంగా వచ్చే ఆ పేర్లలోనే మన పిల్లోని పేరు రేపు రావాల.