కేరీ దొరగారి మరణశాసనము

ధ్యానభాగము: అపొ. కార్య. 4:32-35, హెబ్రీ. 9:16, 17

విలియం కేరీగారి పేరు విననివారు మన సంఘములలో అరుదు. 1761లో ఇంగ్లండులో ఒక నేతపనివాని యింట పుట్టి, చెప్పులు కుట్టి బ్రదికిన యీయన 1793లో బంగాళమునకు వచ్చి, 1800లో శ్రీరాంపురమున స్థిరపడిరి. 1814లో తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధనను అచ్చువేయించినవారును వీరే.

కలకత్తా కళాశాలలో పండితులుగా నెలకు వేయి రూపాయలు జీతము వచ్చుచుండినను, ఇంటి ఖర్చునకు కొద్దిపాటి ఉంచుకొని తక్కినది మిషను నిధిలోనే వేసిరి. 1834 జూన్ 9న ప్రభువునందు నిద్రించినప్పుడు పంచుకొనుటకు మిగిలినది కొంచెమే. అయినను వీలునామా వ్రాసియుంచిరి.

అన్నిటికంటె ముందు అప్పులు తీర్చవలెననిరి. మిషను స్థలముపై తమకెట్టి హక్కును లేదని స్పష్టముగా వ్రాసిరి. ఆస్తిపై పెత్తనమును గూర్చిన తగవు ముదిరి 1827లో ఇంగ్లండులోని మిషను సొసైటీతో ఎడబాటే కలిగియుండెను గనుక ఈ మాట మిక్కిలి అవసరము. శంఖములు, రాళ్లు, పురుగుల సేకరణ శ్రీరాంపురము కళాశాలకు ఇచ్చిరి. భార్య గ్రేసుగారు తమకు కావలసిన ఇంగ్లీషు పుస్తకములు ఏరుకొనిన తరువాత, మిగిలిన గ్రంథాలయమును అమ్మి కుమారుడైన జాబెజుకు 1500 రూపాయలు ఇయ్యవలెను. ఫీలిక్సు, విలియములకు అంతే సొమ్ము మునుపే ముట్టినది. జోనాతాను దేవుని దయవలన కలిగినవాడు గనుక అతనికి లేదని కారణము కూడ వ్రాసిరి. శేషము, ఇంటి సామాను భార్యకు. వీటిని జరిపించుటకు కుమారులను గాక, రాబిన్సను, మ్యాకు అను ఇద్దరు బోధకులను నియమించిరి.

మన పల్లెలలో వీలునామా మాటెత్తిన చావును పిలిచినట్లని పెద్దలు కసరుకొందురు. వ్రాయనియెడల 1925 నాటి వారసత్వ చట్టము పంచును: బిడ్డలున్న క్రైస్తవుని విధవకు మూడవ వంతు, తక్కినది కుమారులకును కుమార్తెలకును సమానముగా. వ్రాసినయెడల ఇద్దరు సాక్షులు కావలెను. ఆస్తి పొందువాడు సాక్షి సంతకము చేసినచో వాని భాగము చెల్లదు. వీలునామా నిజమైనదని కోర్టువారిచ్చు ముద్రపత్రమే ప్రొబేటు. భారత క్రైస్తవులకు ఆ నిర్బంధమును 2002లో తొలగించిరి.

సమాధి సంగతియు కేరీగారు మరువలేదు. ఆడంబరము లేకుండ, రెండవ భార్య షార్లెట్ గారి ప్రక్కను పాతిపెట్టవలెననియు, రాతిమీద పేరు, జనన మరణ దినములు, ఒక కీర్తనలోని రెండు పంక్తులు తప్ప మరేమియు చెక్కరాదనియు వ్రాసిరి.