వద్దన్న చోట ఆగిపోలేదు!

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం... ఈ పారిశ్రామికవాడల్లోని మందుల కంపెనీల ల్యాబుల్లో చేరే కెమిస్ట్రీ, ఫార్మసీ పట్టభద్రుల్లో చాలామందికి ఓ వెలితి ఉంటుంది. పరిశోధన అంటే యూనివర్సిటీలో చేసేది, వైద్యం అంటే ఆసుపత్రిలో జరిగేది, మనది మాత్రం ఉత్త ఫ్యాక్టరీ ఉద్యోగం అని! మీరూ అలాగే అనుకుంటున్నారా? అయితే యల్లాప్రగడ సుబ్బారావు జీవితం ఒకసారి చూడండి. క్యాన్సర్ మందుల విషయంలో ఆయన చేసిన పనంతా ఒక మందుల కంపెనీలోనే జరిగింది. ఆ పనికీ, ప్రోస్టేట్, అండాశయ క్యాన్సర్లను పట్టుకునే నేటి స్కానింగులకూ దగ్గరి చుట్టరికం ఉంది.

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద ధ్యాస తక్కువ. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీజీ పిలుపుతో ఖద్దరు కట్టారు. ఆపరేషన్ గదిలోకీ ఖద్దరు గౌనుతోనే వెళ్లారు. అది సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. ఇంకేముంది, ఎంబీబీఎస్ రావాల్సిన చోట దానికంటే తక్కువైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. దాంతో ఓ ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇంటి దెబ్బ ఇంకా పెద్దది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరులను తీసుకెళ్లింది. ఆయనకూ సోకి, ఆయుర్వేద వైద్యంతో తగ్గింది. ఆ పట్టుదలతోనే 1920ల మొదట్లో అమెరికా ఓడ ఎక్కి బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు కడిగారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద ఇద్దరూ చేసిన పని జీవరసాయన శాస్త్రంలో మైలురాయి. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

కంపెనీ ల్యాబులో కొత్త దారి

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు ఆ ఫోలిక్ యాసిడే మందుగా పనికొచ్చింది!

అక్కడితో ఆగలేదు. కణం రెండుగా చీలాలంటే డీఎన్‌ఏ తయారవ్వాలి, దానికి ఫోలేట్ కావాలి. క్యాన్సర్ కణాలు అదేపనిగా చీలుతూ ఉంటాయి. మరి అచ్చం ఫోలేట్‌లా కనిపించే నకిలీని అందిస్తే? అలా పుట్టిందే అమినోప్టెరిన్. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948లో నివేదించారు. దాని తమ్ముడి లాంటిదే మెథోట్రెక్సేట్. 1956లో అమెరికా వైద్యులు గర్భానికి సంబంధించిన కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను ఈ మందుతోనే నయం చేశారు. ఆ కబురు వినడానికి సుబ్బారావు లేరు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

అదే అణువు... ఇప్పుడు స్కానింగులో

సీటీ స్కాన్ అవయవం ఆకారాన్ని చూపిస్తుంది. పెట్ స్కాన్ ఆ కణాలు ఏం చేస్తున్నాయో చూపిస్తుంది. రెండింటినీ ఒకే యంత్రంలో కలిపితే పెట్-సీటీ. దీన్నే హైబ్రిడ్ ఇమేజింగ్ అంటారు. మామూలుగా రేడియోధార్మిక చక్కెరను ఎక్కించి, దాన్ని ఎక్కువగా లాగేసుకునే కణాలను వెతుకుతారు. పొట్ట, కటి భాగాల దగ్గరే చిక్కు! ఆ చక్కెర మూత్రంలోకి దిగి మూత్రాశయంలో చేరుతుంది, పేగుల్లోనూ మెరుస్తుంది. పక్కనున్న చిన్న గడ్డ ఆ వెలుగులో కలిసిపోతుంది. పైగా చాలా ప్రోస్టేట్ క్యాన్సర్లు చక్కెరను అంతగా తీసుకోవు.

దీనికి జవాబు ఫోలేట్ చుట్టుపక్కలే దొరికింది. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద విపరీతంగా ఉండే పీఎస్‌ఎంఏ అనే ప్రొటీన్ నిజానికి ఫోలేట్ తోకలోని గ్లుటమేట్ ముక్కలను కత్తిరించే ఎంజైమే. ఆ తోకను పోలిన చిన్న అణువుకు గాలియం-68 తగిలించి ఎక్కిస్తే అది నేరుగా వెళ్లి అక్కడ అతుక్కుంటుంది. ఆస్ట్రేలియాలో 302 మందిపై జరిపిన అధ్యయనం 2020లో వెలువడింది. క్యాన్సర్ పాకిందో లేదో తేల్చడంలో మామూలు సీటీ, బోన్ స్కాన్ కలిపి 65 శాతం కచ్చితంగా ఉంటే, పీఎస్‌ఎంఏ పెట్-సీటీ 92 శాతం కచ్చితంగా నిలిచింది.

అండాశయ క్యాన్సర్ కణాల్లో చాలావాటి మీద ఫోలేట్‌ను పట్టుకునే గ్రాహకాలు ఎక్కువ. అందుకే ఫోలేట్‌కు టెక్నీషియం జోడించి స్పెక్ట్ స్కాన్‌తో వెతికే ప్రయోగాలూ జరిగాయి.

మరి ఏ స్కాన్ మేలు? పెట్-సీటీ త్వరగా అయిపోతుంది. పెట్-ఎంఆర్ గర్భాశయం, ప్రోస్టేట్ లాంటి మెత్తటి భాగాలను ఇంకా స్పష్టంగా చూపిస్తుంది, రేడియేషనూ తక్కువే. కానీ ఖర్చు, సమయం ఎక్కువ. స్పెక్ట్-సీటీ చౌక, స్పష్టత కాస్త తక్కువ. అయితే ఏ యంత్రమైనా లోపలికి పంపిన అణువు సరైన చోటుకు వెళితేనే పనిచేస్తుంది.

మీకు ఇందులో ఏముంది?

ఈ స్కానింగులను సుబ్బారావు కనిపెట్టలేదు. కానీ ఆయన బృందం తయారుచేసి చూపిన అణువు పోలికలే ఈ వెతుకులాటకు పనికొచ్చాయి. ఆ అణువును తయారుచేయడం, శుద్ధి చేయడం, స్వచ్ఛతను పరీక్షించడం కెమిస్టు పనే. మీరు ల్యాబులో హెచ్‌పీఎల్‌సీ ముందు కూర్చుని నేర్చుకునే మెలకువలు రేడియోఫార్మసీలోనూ అక్కరకొస్తాయి. ఫిజిక్స్, లైఫ్ సైన్సెస్ వాళ్లకు న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ కోర్సులున్నాయి. ఇంజినీరింగ్ వాళ్లకు సంగారెడ్డి జిల్లాలోనే కంది ఐఐటీలో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం, సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉన్నాయి.

కోరుకున్న డిగ్రీ దక్కకపోయినా, కోరుకున్న చోట కొలువు రాకపోయినా సుబ్బారావు వెతుకుతున్న ప్రశ్నను మాత్రం వదల్లేదు. రేపు మీ చేతికొచ్చే ఆఫర్ లెటర్ మీద కంపెనీ పేరు ఎంత చిన్నదైనా, అక్కడ ఏ అణువు మీద పని చేయబోతున్నారో, అది ఏ రోగి దగ్గరికి చేరుతుందో ఇంటర్వ్యూలోనే అడిగి తెలుసుకోండి.