గంటగంటకూ సరిచేయాల్సిన ఉపాయం
హెరాల్డ్ బ్లాక్ జీవితం

మాది అవుకు. నా చిన్నప్పుడు మా ఊళ్లో పెళ్లంటే మైకుసెట్టు ఉండాల్సిందే. వాల్యూమ్ ఒక హద్దు దాటితే ఘంటసాల గొంతు కూడా గరగరలాడేది. టెలిఫోను శాఖలో చేరాక దాని పేరు డిస్టార్షన్ అని నేర్చుకున్నాను. ఆంప్లిఫైయర్ తన శక్తి అంచుకు చేరితే సిగ్నల్ శిఖరాలను నొక్కేసి, లేని స్వరాలను తానే కలుపుతుంది. ఆ జబ్బుకు మందు కనిపెట్టిన మహానుభావుని గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

హెరాల్డ్ స్టీఫెన్ బ్లాక్ 1898లో అమెరికాలోని లెమిన్‌స్టర్‌లో పుట్టారు. 1921లో ఇంజనీరింగు ముగించి వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో చేరారు. ఆయన పనిచేసిన విభాగమే 1925లో బెల్ లేబొరేటరీస్‌లో కలిసింది. దూరపు ట్రంకు లైన్లలో రిపీటరు వెంట రిపీటరు. ఒక్కొక్కటి కలిపే కొద్దిపాటి వికృతి చివరికి కుప్ప అవుతుంది. క్యారియర్ గదిలో డ్యూటీ చేసినవారికి ఇది చెప్పనక్కర లేదు.

1923లో స్టైన్‌మెట్జ్ ఉపన్యాసం విని వచ్చిన రాత్రి ఆయనకు ఒక ఆలోచన తట్టింది. మచ్చలేని ఆంప్లిఫైయర్ కోసం తంటాలు పడేకంటే మచ్చనే విడదీసి తీసేస్తే? ఔట్‌పుట్‌ను ఇన్‌పుట్ స్థాయికి తగ్గించి, అందులోంచి ఇన్‌పుట్‌ను తీసివేస్తే మిగిలేది వికృతి ఒక్కటే. దాన్ని వేరే ఆంప్లిఫైయర్‌తో పెంచి, అసలు ఔట్‌పుట్‌లోంచి తీసివేయాలి. దీన్నే ఫీడ్‌ఫార్వర్డ్ అంటారు. పనిచేసింది కూడా. కాని రెండు దారులూ సరిగ్గా తూగాలి. అందుకోసం వాల్వు ఫిలమెంటు కరెంటును రాత్రింబవళ్లు గంటగంటకూ ఒకరు సరిచేస్తూ ఉండాలి! నైట్ డ్యూటీలు చేసిన మనకు ఆ అవస్థ తెలుసు. ఆయన దాన్ని పక్కన పెట్టారు.

1927 ఆగస్టు 2 ఉదయం, ఫెర్రీలో హడ్సన్ నది దాటి ఆఫీసుకు వెళుతుండగా రెండో ఉపాయం తోచింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే బొమ్మ గీసి సంతకం పెట్టారు. ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కు తెచ్చి, ఎదురు దశలో ఇన్‌పుట్‌కు కలపడమే ఆ నెగటివ్ ఫీడ్‌బ్యాక్. డిసెంబరు 29న పరీక్షిస్తే వికృతి లక్షో వంతుకు తగ్గింది. అయితే కష్టపడి పెంచిన బలంలో చాలాభాగం మనమే వదులుకోవాలి. వినడానికి పిచ్చిగానే ఉంటుంది. బ్రిటిష్ పేటెంటు కార్యాలయం దీన్ని ఆగకుండా తిరిగే యంత్రాల సరసన చేర్చింది. 1928లో దరఖాస్తు పెడితే అమెరికా పేటెంటు వచ్చింది 1937 డిసెంబరులో. తొమ్మిదేళ్లు! ఈ మాట రాస్తుంటే నా అరియర్సు ఫైలు గుర్తుకొచ్చింది, క్షమించాలి.

తర్వాత సెల్ టవర్లు వచ్చాయి. అక్కడ ఒకే పవర్ ఆంప్లిఫైయర్ గుండా ఎన్నో క్యారియర్లు పోతే, ఒకదాని వికృతి పక్క ఛానల్ మీద పడుతుంది. అంతటి ఫ్రీక్వెన్సీలో ఫీడ్‌బ్యాక్‌తో చిక్కు. సిగ్నల్ తిరిగొచ్చేలోగా ఆలస్యమై, ఎదురు చెప్పాల్సింది వత్తాసు పలుకుతుంది, ఈల మొదలవుతుంది. అందుకని 1990లలో బేస్ స్టేషన్లవారు బ్లాక్‌గారు పక్కన పెట్టిన ఫీడ్‌ఫార్వర్డ్‌నే బయటికి తీశారు. గంటగంటకూ సరిచేసే పని సర్క్యూట్లే చేసుకున్నాయి. ఆ పిమ్మట సిగ్నల్‌ను ముందే ఎదురు వంకర తిప్పి పంపే డిజిటల్ పద్ధతి దాని స్థానం ఆక్రమించింది.

ఆయన 1963లో బెల్ నుంచి రిటైరయ్యారు. 1983 డిసెంబరు 11న కన్నుమూశారు. షికాగోలో సెల్‌ఫోను సేవ మొదలై అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు.