యల్లాప్రగడ సుబ్బారావు: పిడుదు జ్వరానికి మందు దొరికిన కథ

విజయనగర కాలంలోను, మదురై నాయక రాజుల కాలంలోను తరలివచ్చి కోయంబత్తూరు, మదురై సీమల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సేద్యం, పాడి తరతరాల ఆధారం. పశువుల కొట్టంలోను, మేకల మందలోను, కాపలా కుక్క చెవుల్లోను కనిపించే పిడుదు వారికి కొత్త కాదు. తమిళంలో దానినే ఉణ్ణి అంటారు. ఆ చిన్న పురుగు మోసుకొచ్చే జ్వరాన్ని లొంగదీసే మందు, ఒక తెలుగు శాస్త్రవేత్త నడిపిన పరిశోధనశాలలో వెలువడిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. బాల్యం పేదరికంలో గడిచింది. చదువూ సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నంలో గాని ఆయన ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసులో ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా పూర్తి వైద్యపట్టం దక్కక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లోనే ఆయన సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే పేగుల వ్యాధికి బలయ్యారు. వైద్యం తెలిసిన ఇంట మందు లేక మనిషి పోవడం సుబ్బారావును పరిశోధనవైపు గట్టిగా మళ్ళించింది.

మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించి, మామగారి కుటుంబం అందించిన సాయంతో 1920ల తొలినాళ్ళలో ఆయన అమెరికా చేరారు. బోస్టన్‌లో ఆసుపత్రిలో చిన్న పనులు చేసి పొట్ట పోసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్క్‌తో కలసి శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలను వెలికితీయడంలో ఆయన పాత్ర ముఖ్యమైనది. అయినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం లభించలేదు. 1940లో న్యూయార్క్ సమీపంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ పరిశోధనశాలలో చేరి, త్వరలోనే పరిశోధనలకు అధిపతి అయ్యారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు వాడే హెట్రజాన్, క్యాన్సర్ చికిత్సకు దారి తీసిన మందులు ఆయన నేతృత్వంలోనే వెలువడ్డాయి.

అప్పటికి పెన్సిలిన్ వచ్చి ఉన్నా, పిడుదు జ్వరాల మీద అది పనిచేయలేదు. కారణం స్పష్టమే. ఈ జ్వరాలను కలిగించే రికెట్సియా సూక్ష్మజీవులు సన్నని రక్తనాళాల గోడల కణాల లోపల దాగి పెరుగుతాయి. అమెరికాలో రాకీ మౌంటెన్ మచ్చల జ్వరం పిడుదుల వల్లనే వ్యాపిస్తుందని హోవార్డ్ రికెట్స్ 1906లో నిరూపించారు. తరువాత టైఫస్‌ను పరిశోధిస్తూ అదే వ్యాధి సోకి 1910లో ఆయన కన్నుమూశారు. సరైన మందు లేని ఆ కాలంలో మచ్చల జ్వరం వచ్చినవారిలో సుమారు అయిదుగురికి ఒకరు మరణించేవారు.

సుబ్బారావు విభాగంలో డెబ్బయ్యేళ్ళు దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ పలు ప్రాంతాల మట్టి నమూనాలను పరీక్షించసాగారు. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయ ప్రయోగ క్షేత్రంలోని మట్టి నుంచి బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. దాని నుంచి వచ్చిన మందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. కణంలోకి చొచ్చుకుపోయి సూక్ష్మజీవి ఎదుగుదలను ఆపడం దాని ప్రత్యేకత. 1948లో అది వైద్యలోకానికి వెల్లడైంది. మచ్చల జ్వర రోగులపై అదే ఏడాది ప్రయోగించగా సత్ఫలితం కనిపించింది. ఆ ఆగస్టులోనే, 53వ ఏట, సుబ్బారావు నిద్రలో గుండె ఆగి మరణించారు. తన శాలలో పుట్టిన మందు ఎంతమందిని కాపాడిందో చూసే భాగ్యం ఆయనకు కలగలేదు.

ఆ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్ నేడు పిడుదు జ్వరానికి మొదటి మందు. నల్లి జాతి సూక్ష్మ పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌కూ అదే వాడతారు. తమిళనాట వానల తరువాతి చలి నెలల్లో స్క్రబ్ టైఫస్ ఎక్కువగా కనిపిస్తుంది. అయితే మందు ఉన్నంత మాత్రాన చాలదు. తొలి రోజుల్లో ఇస్తేనే ప్రాణరక్ష. ఆలస్యమైతే మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, మెదడు దెబ్బతింటాయి. మామూలు జ్వరమని భావించి పెన్సిలిన్ జాతి మందులతో వారం గడిపితే ఆ విలువైన కాలం చేజారిపోతుంది.

గుర్తించే తీరు కష్టమైనది కాదు. పిడుదు కుట్టిన రెండు వారాల లోపు హఠాత్తుగా తీవ్ర జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. రెండు మూడు రోజులకు మణికట్టు, చీలమండల వద్ద ఎర్రని మచ్చలు లేచి అరచేతులకు, అరికాళ్ళకు పాకవచ్చు. కొందరిలో మచ్చలు రాకపోనూవచ్చు. స్క్రబ్ టైఫస్‌లో చంకలోనో, గజ్జల్లోనో, నడుము దగ్గరో నొప్పి లేని నల్లని పొక్కు కనిపించవచ్చు. వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు పశువుల కొట్టంలోనో, పొదల్లోనో తిరిగిన సంగతి అడగకముందే చెప్పాలి. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగక, అనుమానం బలంగా ఉంటే వైద్యులు మందు మొదలుపెడతారు. ఒంటికి పట్టిన పిడుదును గోళ్ళతో నలపరాదు, కిరోసిన్ పోయరాదు, నిప్పుతో కాల్చరాదు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగి, ఆ చోటును సబ్బుతో కడగాలి.

ఒక హెచ్చరిక అవసరం. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో గుర్తించిన క్యాసనూర్ అడవి జ్వరం కూడా పిడుదుల వల్లనే వస్తుంది. 2010ల నాటికి అది పడమటి కనుమల వెంట కేరళలోని వయనాడు దాకా చేరింది. అది వైరస్ కనుక డాక్సీసైక్లిన్‌కు లొంగదు. అడవి అంచున కోతులు చనిపోతే వెంటనే ఆరోగ్య శాఖకు తెలియజేయడం అందుకే ముఖ్యం.

సోదరుని కాపాడే మందు ఆనాడు సుబ్బారావుకు అందలేదు. పిడుదు జ్వరానికి మందు నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరుకుతుంది. అది సకాలంలో అందేలా చూసుకోవడం, పశువులతో కలసి బతికే ప్రతి ఇంటివారి చేతుల్లో ఉంది.