ఫ్రెడరిక్ ఫ్రోబెల్

ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ఆగస్ట్ ఫ్రోబెల్ (ఏప్రిల్ 21, 1782 - జూన్ 21, 1852) జర్మనీకి చెందిన విద్యావేత్త, కిండర్ గార్టెన్ విద్యావిధానానికి ఆద్యుడు. మన ఊళ్ళలో ఎల్.కె.జి., యు.కె.జి. అని పిలిచే తరగతుల పేర్లలోని చివరి రెండు అక్షరాలు ఈయన 1840లో పెట్టిన పేరునుండి వచ్చినవే. ఆటను, పాటను, చేతిపనిని పసిపిల్లల చదువుకు పునాదిగా నిలిపిన ఘనత ఈయనది. క్రిస్మస్ పండుగకు కాగితపు పట్టీలతో అల్లే ఒక నక్షత్రాన్ని కూడా ఈయన పేరుతోనే పిలుస్తారు. ఉపాధ్యాయ శిక్షణలో ఈయన సిద్ధాంతాలను కంఠస్థం చేసినవారిలో చాలామంది ఆ నక్షత్రాన్ని చూసి ఉండరు. నక్షత్రాన్ని అల్లేవారిలో చాలామందికి ఈయన జీవితం తెలియదు.

బాల్యం

ఫ్రోబెల్ జర్మనీలోని తురింగియా ప్రాంతంలో, ఒబెర్‌వైస్‌బాఖ్ అనే కొండ గ్రామంలో జన్మించాడు. తండ్రి యోహాన్ యాకోబ్ ఫ్రోబెల్ లూథరన్ సంఘానికి చెందిన మతగురువు. బిడ్డకు తొమ్మిది నెలల వయసులోనే తల్లి మరణించింది. తండ్రికి చర్చి పనులతో తీరిక ఉండేది కాదు. తండ్రి మరల వివాహం చేసుకున్న తరువాత, తనకు సంతానం కలగడంతో సవతి తల్లి ఈ పిల్లవానిని పట్టించుకోవడం మానివేసింది. ఇంటిచుట్టూ ఉన్న తోటలోను, అడవిలోను ఒంటరిగా తిరుగుతూ మొక్కలను, రాళ్ళను గమనించడమే బాలుని కాలక్షేపమైంది. తల్లి ఒడిలో జరిగే ఆటపాటలే మొదటి చదువని ఈయన జీవితాంతం వాదించడానికి, తనకు ఆ ఒడి దక్కకపోవడం ఒక కారణమని జీవితచరిత్రకారుల అభిప్రాయం. అది సబబుగానే తోస్తుంది.

పదేళ్ళ వయసు దాటాక మేనమామ ఈయనను స్టాట్‌ఇల్మ్ పట్టణంలోని తన ఇంటికి తీసుకువెళ్ళాడు. అక్కడ గడచిన కొద్ది సంవత్సరాలే ఫ్రోబెల్ బాల్యంలో సుఖపడిన కాలం.

చదువు, ఉద్యోగాలు

1797లో ఒక అటవీ అధికారి వద్ద పని నేర్చుకోవడానికి చేరాడు. 1799లో యేనా విశ్వవిద్యాలయంలో ప్రవేశించాడు గాని, అప్పు తీర్చలేక విశ్వవిద్యాలయపు చెరసాలలో తొమ్మిది వారాలు ఉండవలసి వచ్చింది. ఆ తరువాత కొంతకాలం చిన్నచిన్న ఉద్యోగాలు చేస్తూ గడిపి, భవన నిర్మాణశాస్త్రం చదవాలని 1805లో ఫ్రాంక్‌ఫర్ట్ చేరాడు. అక్కడ గ్రూనర్ అనే ప్రధానోపాధ్యాయుడు ఈయనలోని గురువును గుర్తించి తన పాఠశాలలో ఉద్యోగమిచ్చాడు. అంతటితో భవన నిర్మాణశాస్త్రం ఆలోచన ముగిసింది. అదే సంవత్సరం స్విట్జర్లాండులోని ఇవర్డాన్ వెళ్ళి ప్రసిద్ధ విద్యావేత్త పెస్టాలజీని దర్శించాడు. తరువాత ఒక ధనిక కుటుంబంలోని ముగ్గురు బాలురకు గురువుగా కుదిరి, వారిని వెంటబెట్టుకొని 1808 నుండి 1810 వరకు పెస్టాలజీ వద్దనే గడిపాడు.

అనంతరం గోటింగెన్, బెర్లిన్ విశ్వవిద్యాలయాలలో చదివాడు. బెర్లిన్‌లో వైస్ అనే ఆచార్యుని వద్ద స్ఫటికశాస్త్రం అభ్యసించాడు. 1813లో నెపోలియన్‌కు వ్యతిరేకంగా జరిగిన యుద్ధంలో స్వచ్ఛంద సైనికునిగా చేరినప్పుడు లాంగెతాల్, మిడెన్‌డార్ఫ్ అనే ఇద్దరు యువకులు పరిచయమై, తరువాత సహోద్యోగులయ్యారు. 1814లో బెర్లిన్ ఖనిజ ప్రదర్శనశాలలో సహాయకునిగా పనిచేశాడు. పగలంతా స్ఫటికాలను వర్గీకరించే ఆ ఉద్యోగాన్ని తేలికగా తీసుకోరాదు. ఘనం, గోళం, త్రిభుజం వంటి శుద్ధమైన ఆకారాలపై ఫ్రోబెల్‌కు కలిగిన పట్టుదల అక్కడిదే. ఈయన రూపొందించిన ఆటవస్తువులన్నీ ఆ ఆకారాలలోనే ఉంటాయి.

కైల్‌హౌ పాఠశాల

1813లో జ్వరంతో మరణించిన అన్న పిల్లల చదువు బాధ్యత ఫ్రోబెల్‌పై పడింది. వారితోపాటు మరో అన్న కుమారులను కూడా చేర్చుకొని, అయిదుగురు పిల్లలతో 1816లో గ్రీస్‌హైమ్ గ్రామంలో పాఠశాల ప్రారంభించాడు. మరుసటి ఏడు అది కైల్‌హౌకు మారింది. 1818లో విల్‌హెల్మీన్ హాఫ్‌మైస్టర్‌ను వివాహం చేసుకున్నాడు. ఈయన ముఖ్య గ్రంథం "మానవుని విద్య" 1826లో వెలువడింది. అప్పటికి పాఠశాలలో సుమారు 60 మంది విద్యార్థులున్నారు. అయితే అక్కడ ప్రభుత్వ వ్యతిరేక భావాలు నూరిపోస్తున్నారనే అనుమానం వ్యాపించింది. విచారణకు వచ్చిన అధికారి పాఠశాలను మెచ్చుకుంటూ నివేదిక ఇచ్చినా ప్రయోజనం లేకపోయింది. 1829 నాటికి విద్యార్థుల సంఖ్య అయిదారుకు పడిపోయింది. 1831లో ఫ్రోబెల్ స్విట్జర్లాండు వెళ్ళి కొన్ని పాఠశాలలు, ఒక అనాథాశ్రమం నడిపాడు. బడికి వచ్చేనాటికే పిల్లలకు ఎంతో నష్టం జరిగిపోయి ఉంటోందని, ఏడేళ్ళలోపు వయసును ఎవరూ పట్టించుకోవడం లేదని ఆ సంవత్సరాలలోనే ఈయనకు బోధపడింది.

కిండర్ గార్టెన్

1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ పట్టణంలో పసిపిల్లల కోసం ఒక సంస్థను స్థాపించాడు. మూడేళ్ళపాటు దానికి తగిన పేరు దొరకలేదు. కొండదారిన నడుస్తుండగా "కిండర్ గార్టెన్" అనే మాట స్ఫురించిందని ఒక కథనం ప్రచారంలో ఉంది. జర్మన్ భాషలో ఈ మాటకు పిల్లల తోట అని అర్థం. తోటమాలి మొక్కను లాగి పెంచడు, నీరుపోసి ఎదగనిస్తాడు. ఉపాధ్యాయుడు కూడా అలాగే ఉండాలని ఫ్రోబెల్ భావన. అచ్చుయంత్రం నాలుగు వందల ఏళ్ళ ఉత్సవాన్ని పురస్కరించుకొని 1840 జూన్ 28న ఈ పేరుతో సంస్థను లాంఛనంగా ప్రకటించాడు. భార్య విల్‌హెల్మీన్ అంతకు ముందు సంవత్సరమే మరణించింది. తల్లులు పిల్లలతో పాడుకొనే పాటలు, వేళ్ళ ఆటలతో కూర్చిన గ్రంథం 1844లో వచ్చింది. పసిపిల్లలకు బోధించడానికి యువతులకు శిక్షణ ఇవ్వడం ఈయన చేసిన మరో సాహసం. ఆ కాలపు జర్మనీలో పాఠశాల ఉపాధ్యాయ వృత్తి దాదాపు పురుషులదే.

కానుకలు, చేతిపనులు

ఫ్రోబెల్ పిల్లలకిచ్చే ఆటవస్తువులకు కానుకలని పేరు పెట్టాడు. మొదటి కానుక ఆరు రంగుల ఉన్ని బంతులు. రెండవది కొయ్య గోళం, ఘనం, స్తూపం. వీటిని దారానికి కట్టి తిప్పితే ఒక ఆకారంలో మరొకటి కనిపిస్తుంది. మూడవది ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే పెద్ద ఘనం. తరువాతివి క్రమంగా మరింత సూక్ష్మమైన ముక్కలుగా విడిపోతాయి. ఆడటం ముగిసిన తరువాత ముక్కలను మరల పెట్టెలో ఘనంగా అమర్చడం కూడా ఆటలో భాగమే.

కానుకలకు తోడు చేతిపనులున్నాయి. కాగితం మడవడం, కత్తిరించడం, పట్టీలు అల్లడం, అట్టకు సూదితో రంధ్రాలు పొడవడం, రంగుదారంతో కుట్టడం, నానబెట్టిన బఠాణీలకు పుల్లలు గుచ్చి ఆకారాలు నిర్మించడం, బంకమట్టితో బొమ్మలు చేయడం వాటిలో కొన్ని. కానుకను పెద్దలు పిల్లలకిస్తారు; దానిని ఎలా వచ్చిందో అలాగే తిరిగి అప్పగించాలి. చేతిపనిలో తయారైన వస్తువు మాత్రం పిల్లవానిది, దానిని ఇతరులకు ఇవ్వవచ్చు. ఈ తేడా చిన్నదిగా కనిపించినా, క్రిస్మస్ వేళ పిల్లలు తల్లిదండ్రులకు స్వయంగా చేసిన వస్తువులను బహూకరించే ఆచారం కిండర్ గార్టెన్లలో వేళ్ళూనడానికి దారితీసింది. కుట్టుపని చేసిన అట్టలు, అల్లిన కాగితపు బుట్టలు, చెట్టుకు వేలాడదీసే గొలుసులు అలా ఇళ్ళకు చేరాయి. బజారులో కొన్న బహుమతి కంటె వంకరటింకరగా అల్లిన బుట్టకు విలువ ఎక్కువని ఈ బడులు తల్లులకు నేర్పాయి.

నిషేధం, మరణం

1849లో ఫ్రోబెల్ బాడ్ లీబెన్‌స్టైన్ చేరాడు. కొండపై పిల్లలతో కలసి గంతులు వేస్తున్న ఈ ముసలివానిని ఊరివారు పిచ్చివాడనుకునేవారు. ఆ మాట విని చూడటానికి వెళ్ళిన బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్ బ్యూలో అనే ప్రభువంశీయురాలు ఈయనకు ముఖ్య ప్రచారకురాలయింది. 1850లో సమీపంలోని మారియెన్‌తాల్ భవనంలో శిక్షణాలయం ఏర్పడింది. 1851లో తన శిష్యురాలు లూయిజా లెవిన్‌ను ద్వితీయ వివాహం చేసుకున్నాడు.

కాలం కలసివస్తోందనుకున్న సమయంలో, 1851 ఆగస్టు 7న ప్రష్యా ప్రభుత్వం తన రాజ్యంలో కిండర్ గార్టెన్లను నిషేధించింది. ఇవి నాస్తికతను, సోషలిస్టు భావాలను వ్యాపింపజేస్తున్నాయని ఆరోపణ. ఫ్రోబెల్ అన్న కుమారుడు కార్ల్ ఫ్రోబెల్ స్త్రీల ఉన్నతవిద్య గురించి, కిండర్ గార్టెన్ల గురించి ఒక చిన్నపుస్తకం ప్రచురించాడు. ప్రభుత్వం ఇద్దరినీ ఒకే గాటన కట్టింది. మతగురువు కుమారుడై, తన పద్ధతి సమస్తమూ దైవభావనపై నిలబెట్టిన మనిషికి ఇంతకంటె విపరీతమైన నింద ఉండదు. పొరపాటును వివరిస్తూ రాజుకు విన్నవించుకున్నా ఫలితం దక్కలేదు. 1852 జూన్ 21న మారియెన్‌తాల్‌లో ఫ్రోబెల్ మరణించాడు. నిషేధం 1860 వరకు తొలగలేదు. దగ్గరలోని ష్వైనా గ్రామంలో ఈయన సమాధిపై ఘనం, స్తూపం, గోళం ఒకదానిపై ఒకటి నిలిపారు.

మరణానంతరం

స్వదేశంలో నిషేధం వలన కిండర్ గార్టెన్ ఇతర దేశాలకు త్వరగా చేరింది. వలసవెళ్ళిన జర్మనులు, బెర్తా పర్యటనలు ఇందుకు కారణం. ఫ్రోబెల్ శిష్యురాలైన మార్గరెథ్ షుర్జ్ 1856లో అమెరికాలోని వాటర్‌టౌన్‌లో జర్మన్ భాషలో ఒక కిండర్ గార్టెన్ ప్రారంభించింది. 1873లో సెయింట్ లూయిస్ నగరంలో సూసన్ బ్లో ప్రభుత్వ పాఠశాలలో దీనిని ప్రవేశపెట్టింది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఈ కానుకలను చూసిన ఒక తల్లి తన కుమారునికి అవి కొనిచ్చింది. ఆ బాలుడు తరువాతి కాలంలో ప్రసిద్ధ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ అయ్యాడు; ఆ కొయ్య దిమ్మెల స్పర్శ తన చేతివేళ్ళలో నిలిచిపోయిందని చెప్పుకున్నాడు. అదే సంవత్సరం టోక్యోలో కిండర్ గార్టెన్ మొదలై, జర్మనీ మడతలు జపాను ఒరిగామితో కలిశాయి.

విమర్శలూ వచ్చాయి. అనుచరులు చేతిపనులను యాంత్రికంగా మార్చి, గురువు చెప్పిన క్రమంలో తప్ప పిల్లలను మడతైనా వేయనివ్వని బడులు తయారయ్యాయి. సూదిరంధ్రాల వంటి సూక్ష్మమైన పనులు పసికళ్ళకు, వేళ్ళకు శ్రమ కలిగిస్తాయని మనస్తత్వవేత్త స్టాన్లీ హాల్ ఆక్షేపించాడు. ఇది న్యాయమైన ఆక్షేపణే. ఈనాడు చాలా పసితరగతులలో ఆ పనులు కనబడవు. మడవడం, అల్లడం, మట్టిపని మాత్రం నిలిచాయి.

విశాఖపట్నం కూడా భాగమై ఉన్న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్రోబెల్ ప్రభావం ఊహించని రూపం తీసుకుంది. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగి అయిన టి. సుందరరావు, కిండర్ గార్టెన్ ఎనిమిదవ కానుకగా అమ్మే కాగితపు మడతల పెట్టె స్ఫూర్తితో, కేవలం కాగితం మడిచి జ్యామితి నేర్పే పుస్తకాన్ని ఆంగ్లంలో రచించి 1893లో మద్రాసులో ప్రచురించాడు. జర్మన్ గణితజ్ఞుడు ఫెలిక్స్ క్లైన్ దానిని ప్రస్తావించడంతో విదేశాలలో పేరు వచ్చింది. 1901లో చికాగోలో ముద్రణ పొందింది. పసిపిల్లల ఆట నుండి పుట్టి గణితజ్ఞుల బల్లమీదికి చేరిన పుస్తకమిది.

ఫ్రోబెల్ నక్షత్రం

ఈ నక్షత్రాన్ని ఫ్రోబెల్ కనిపెట్టాడనడానికి ఆధారం లేదు. ఈ మడత ఈయన కంటె పాతదై ఉండవచ్చు. కిండర్ గార్టెన్లు కాగితపు పనిని ఇంటింటికీ చేర్చడం వలన ఈయన పేరు దానికి స్థిరపడింది. జర్మనీలో క్రిస్మస్ చెట్టుకు, తలుపులకు దీనిని వేలాడదీస్తారు. మైనంలో ముంచి మెరుపు పొడి చల్లడం పాత అలవాటు.

దీనికి జిగురు అవసరం లేదు. ఒకే కొలత గల నాలుగు కాగితపు పట్టీలు చాలు. పట్టీ పొడవు వెడల్పుకు 25 నుండి 30 రెట్లు ఉండాలి. ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పుకు సుమారు 40 సెంటీమీటర్ల పొడవు సరిపోతుంది. ప్రతి పట్టీని సగానికి మడిచి, తాటాకు చాప అల్లినట్లు ఒకదాని పొరల మధ్యనుండి మరొకదానిని దూర్చి బిగిస్తే నడుమ ఒక చదరం ఏర్పడుతుంది. పై పొరలను వరుసగా వెనుకకు మడిచి, చివరిదానిని మొదటిదాని కిందికి దోపాలి. మిగిలిన కొసలను త్రిభుజాలుగా మడిచి లోపలికి దోపితే ఒక వైపు నాలుగు చదునైన కోణాలు, తిరగవేసి చేస్తే మరో నాలుగు వస్తాయి. ఆ తరువాత కొసలను పొట్లంలా మెలిపెట్టి నడిమి చదరంలోకి దూరిస్తే రెండు వైపులా కలిపి ఎనిమిది శంఖువులు లేస్తాయి. మొత్తం 16 మొనలు. బయటికి మిగిలిన కొసలను కత్తిరించాలి. మొదటిసారి చేసేవారు రెండు రంగుల కాగితం తీసుకుంటే ఏ పట్టీ ఎటు పోతోందో తెలుస్తుంది. పలుచని కాగితం చిరుగుతుంది, దళసరి అట్ట మెలితిరగదు. పాత క్యాలెండరు కాగితం మధ్యస్థంగా ఉంటుంది.

విశాఖపట్నంలో డిసెంబరు నెలలో పాతనగరం ఇళ్ళముందు, ఉక్కునగరం క్వార్టర్ల వసారాలలో వెలిగే నక్షత్రాలు వేరు. అవి వెదురుపుల్లల చట్రానికి రంగుకాగితం అంటించి లోపల బల్బు పెట్టినవి, లేదా బజారులో దొరికే మడత నక్షత్రాలు. ఫ్రోబెల్ నక్షత్రం అరచేతిలో ఇమిడేది. అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను చక్రంపై తిప్పి, లక్కరంగులు పట్టించి చేసే బంతులు, గుండ్రని బొమ్మలు ఫ్రోబెల్ రెండవ కానుకకు ఎంతో దగ్గరగా కనిపిస్తాయి. వాటికి ఈయనతో ఏ సంబంధమూ లేదు. జర్మనీ నుండి తెప్పించిన పెట్టె లేకపోయినా, పసితరగతి ఉపాధ్యాయులు వాటితో ఆ పాఠం చెప్పుకోవచ్చు.